ఐదు డిగ్రీల పట్టు

జూన్ 3

ఈ రోజు కూడా నూట అరవై ఒకటే.

సన్న గాజు గొట్టాల్లో మందుపొడి కూరి కాగే నూనెలో దించి, భూతద్దం ముందు కూర్చున్నాను. మామూలుగా నూట యాభై ఆరు డిగ్రీల దగ్గర పొడి అంచులు తడుస్తాయి, చూస్తుండగానే గాజులో బొట్టై కూర్చుంటుంది. ఈ పొడితో నా కాపురం ఇప్పటిది కాదు, ఏనాడూ నన్ను విసిగించలేదు. ఇప్పుడు యాభై ఆరు దాటింది, ఎనిమిది దాటింది, అరవై వచ్చింది, అది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే నిలబడింది. నూట అరవై ఒకటి రాగానే ఒక్కసారిగా కరిగింది. మెత్తబడటం, నసగడం ఏమీ లేవు.

కల్తీ అనుకుందామంటే కల్తీ సరుకు ముందే కరిగి చస్తుంది. వరసగా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్న అణువుల మధ్య పరాయి అణువు దూరితే ఆ పట్టు సడలిపోతుంది, కాస్త వేడికే విడిపోతాయి. కాలేజీలో మొదటి ఏడాది నేర్పే పాఠం ఇది. ఆలస్యంగా కరిగే కల్తీ ఎక్కడా చూడలేదు.

కాబట్టి తప్పు థర్మామీటరుది.

జూన్ 5

తప్పు థర్మామీటరుది కాదు. తెలిసిన పదార్థం పెట్టి చూశాను, అది కరగాల్సిన చోటే కరిగింది.

జూన్ 6

పెద్దసారు గదిలోకి వెళ్ళి విషయం చెప్పాను. మా ల్యాబుకు ఆయనే పెద్ద. కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. తక్కువొస్తే ఏడవాలి గానీ ఎక్కువొస్తే ఏడుస్తావేంటమ్మా అన్నాడు. నియమంలో ఉన్నది ఒకటే, నూట యాభై ఐదుకు తగ్గకూడదు. ఎంతకు మించకూడదో ఎవరూ రాయలేదు. రాసినవాళ్ళకు ఆ భయమే లేదు.

మందు శాతం కూడా చూశాను. ఇంతకంటే శుద్ధమైన సరుకు నా చేతుల్లోంచి ఎప్పుడూ పోలేదు. సరుకు వండే మా బాయిలరాయన ఏం చేశాడో గానీ ఈసారి పలుకులు చక్కెరలా తళతళలాడుతున్నాయి. సంతకం పెట్టేశాను.

మనసులో ఏదో గీరుతూనే ఉంది. అది నా జబ్బు. అంతా బాగుంటే నాకు నిద్ర పట్టదు.

జూన్ 11, ఆదివారం

చెల్లెలింటికి వెళ్ళి కొత్త సరుకు పొట్లాలు ఇచ్చి వచ్చాను. ఈ ఊరి మందుల దుకాణాల కంటే ముందు పిచ్చుకకే అందాయి. పిచ్చుక అంటే మా చెల్లెలి కూతురు. ఒకటో తరగతి. రెండేళ్ళ కిందట ఫిట్స్ మొదలయ్యాయి. మా కంపెనీ పొడి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెంచాడు నీళ్ళలో కలిపి తాగిస్తుంటే అసలు రాకుండా ఆగాయి. నేను పనిచేసే చోట తయారయ్యే మందే మా ఇంటి పిల్లను నిలబెట్టిందని నాకు కాస్త గర్వం. కాస్త కాదు, బాగానే ఉంది.

మరిది తలుపు తీస్తూనే "డిగ్రీల వదిన వచ్చింది" అన్నాడు. చదివిన డిగ్రీలూ నావే, కొలిచే డిగ్రీలూ నావే అని అతని హాస్యం. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికీ వదల్లేదు.

కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించారు. మైనం కరుగుతోంది, కింద పళ్ళెం ఎందుకు కరగట్లేదు పెద్దమ్మా అని పిచ్చుక అడిగింది. ప్రతి వస్తువులోనూ కంటికి కనపడనంత చిన్న చిన్న ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని చెప్పాను. మైనంలో ముక్కలు వేలికొసతో పట్టుకుంటాయి, వేడి తగిలి ఊగితే చాలు జారిపోతాయి. ఉప్పులో అయితే పిడికిలి బిగించి పట్టుకుంటాయి, అందుకే పొయ్యి మీద మూకుడు ఎర్రబడినా ఉప్పు కరగదు. నీ మందులో ముక్కలు ఆ రెండింటికీ మధ్యలో, చేయి చాపి పక్కదాని మోచేయి పట్టుకుంటాయి. పిచ్చుక నా వేలు పట్టుకుని లాగింది, ఇంత గట్టిగానా అంది. అంతకంటే గట్టిగానే అన్నాను. ఇంకా గట్టిగా లాగింది.

ఈసారి సరుకు ఎంత మేలైనదో చెల్లెలికి చెప్పాను. అది వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "నువ్వు తెచ్చావుగా, కళ్ళు మూసుకుని వేస్తా" అంది.

కిందటేడు ఇలా అనలేదు. మందు వేస్తే పిల్ల మగతగా ఉంటోంది, ఆపేద్దామని గొడవ చేసింది. మరిదీ నేనూ కలిసి దాన్ని దారికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ మాట ఇప్పుడెందుకు రాస్తున్నానో.

జూన్ 24

పిచ్చుక బడిలో పడిపోయింది. ఫిట్స్. ఇప్పుడు బాగానే ఉంది.

బాగానే ఉందని చెల్లెలు పదిసార్లు చెప్పింది.

జూన్ 26

పొద్దున నూనె కాగుతుండగా చెల్లెలు ఫోన్ చేసింది. ఒక కన్ను గొట్టం మీద పెట్టి మాట్లాడాను.

"పొడి కరగట్లేదక్కా. అడుగున ఇసకలా మిగిలిపోతోంది. పాత పొట్లాలు ఇట్టే కరిగేవి."

గోరువెచ్చని నీళ్ళు పోసి, ఓపిగ్గా తిప్పు అన్నాను. తిప్పుతున్నానక్కా అంది. ఇంకా తిప్పు అన్నాను. దానికి ఓపిక తక్కువ. చిన్నప్పుడు పాలలో చక్కెర కలిపితే పైన చప్పగా, అడుగున పాకంలా ఉండేది. ఇప్పుడూ అంతే, అటు రెండు తిప్పులు, ఇటు రెండు తిప్పులు.

మొండిపొడి ఈ రోజు కూడా అరవై ఒకటికే కరిగింది. రెండో తడవ సరుకు ఇది. మొదటిదానిలాగే ముచ్చటగా ఉంది.

జూలై 2

మళ్ళీ వచ్చింది. ఈసారి స్నానాలగదిలో. నుదురు పగిలింది. కుట్లు పడ్డాయి.

డాక్టరమ్మ రక్తం తీయించింది. మందు ఒంట్లో ఎంత ఉందో చూస్తారట. మంచిదే. కొలిస్తే తెలిసిపోతుంది. కొలవకుండా ఊహించుకోవడం నాకు చేతకాదు.

జూలై 3

ఇల్లంతా కడిగాను. కడిగిన ఇల్లే మళ్ళీ కడిగాను. పక్కింటావిడ చుట్టాలెవరైనా వస్తున్నారా అని అడిగింది.

జూలై 6

ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు.

డాక్టరమ్మ బల్ల మీద కాగితం మా వైపు తిప్పి, మందు సరిగ్గా పడటం లేదు అంది. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. మరిది చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు నా వైపు చూసింది.

అక్కడేమీ అనలేదు. ఇంటికొచ్చాక మొదలైంది. పొద్దున అతను డ్యూటీకి వెళ్ళిపోతాడు కాబట్టి మందు వేసేది చెల్లెలే. రోజూ వేస్తున్నావా అని అడిగాడు. వేస్తున్నాను అంది. మరి రక్తంలో ఎందుకు లేదు? నాకేం తెలుసు, పొడి కరగట్లేదని అక్కకు చెప్పాను అంది. అప్పుడు ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు.

పొడి నేను పరీక్ష చేశాను. మందు శాతం నేను చూశాను. కరిగే వేడి నేను కొలిచాను. ఇంత శుద్ధమైన సరుకు ఇంతకుముందు రాలేదని నాకు తెలుసు. మందు నిఖార్సైనది, ఒంట్లో మందు లేదు. ఇక మిగిలింది ఒకటే కదా. చిన్న తీసివేత.

"మందులో ఏ లోపమూ లేదు. అది నా పూచీ" అన్నాను.

మరిది ఇంకేమీ అడగలేదు. పిచ్చుక పక్క గదిలో కట్టుతో పడుకుని బొమ్మలు చూస్తోంది. వచ్చేటప్పుడు చెల్లెలు గుమ్మం దాకా రాలేదు.

జూలై 7

నేను ఉన్నదే చెప్పాను.

జూలై 8

ఉన్నదే చెప్పాను కదా.

జూలై 10

ఒప్పుకుంది.

మరిది ఫోన్ చేసి చెప్పాడు. రాత్రంతా ఏడ్చి, పొద్దున లేచి, అప్పుడప్పుడూ మర్చిపోయానేమో అందట. ఎప్పుడెప్పుడు అంటే చెప్పలేకపోయిందట. అతను కోప్పడలేదని చెప్పాడు, నమ్ముతాను, మంచివాడు. పిల్లను కొన్నాళ్ళు తన తల్లి దగ్గర ఉంచుతాడట. తానూ అక్కడే ఉండి రెండు పూటలా తన చేత్తోనే వేస్తాడట. ఏమంటారు వదినా అని అడిగాడు.

నీ ఇష్టం అన్నాను. అంటే సరే అన్నట్టే.

గుండెలోంచి పెద్ద బరువు దిగాలి. తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది, సరిచేస్తున్నారు. నాకు తెలిసిన పద్ధతి ఇదే. అయినా సాయంత్రం దాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

చెల్లెలికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏం మాట్లాడాలో ముందు అనుకుని చేద్దామని ఆగాను.

జూలై 12

పిల్లను తీసుకెళ్ళాడు.

జూలై 15

సెలవు పెట్టి బీరువా సర్దాను. మూల మూలలా పెట్టిన నాఫ్తలీన్ ఉండలు బఠాణీ గింజలంత అయిపోయాయి. వాటిలో అణువుల మధ్య పట్టు మరీ బలహీనం, కరగడం దాకా కూడా ఆగవు, అట్నుంచటే గాలిలోకి పోతాయి. బట్టలకు ఆ వాసన మిగులుతుంది. వాటిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, పాలు పొంగిపోయాయి.

చెల్లెలు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. అది చేయాలి కదా. తప్పు దానిది.

ఆ మాట రాసి చూస్తే నాకే నచ్చలేదు. కొట్టేయను, ఉండనీ.

జూలై 18

పొడి, అరవై ఒకటి. ఇప్పుడు ల్యాబులో అందరూ దాన్ని అరవై ఒకటి అనే పిలుస్తున్నారు. యాభై ఆరు ఎవరికీ గుర్తు లేదు.

జూలై 19

మరిది ఫోన్. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

పిచ్చుకకు మధ్యాహ్నం అన్నం తింటుండగా వచ్చిందట. ఎప్పటికంటే ఎక్కువసేపు. మంచం మీద పడుకోబెట్టి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడట.

"నా చేత్తో వేశాను వదినా. ఒక్క పూట కూడా తప్పలేదు. నా చేత్తోనే వేశాను."

ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. డాక్టరమ్మ మోతాదు పెంచమందట. రేపటి నుంచి రెండేసి పొట్లాలు.

నేను ఏదో అన్నాను. పిల్లలు ఎదుగుతుంటారు, బరువు పెరిగితే మోతాదు చాలదు అన్నాను. అన్నాక ఫోన్ పెట్టేశాను. పిల్ల బరువు పెరిగిందా? ఎంత పెరిగింది? నాకు తెలియదు. కొలవనిది చెప్పాను.

జూలై 20

భోజనాల వేళ చెల్లెలు ఫోన్ చేసింది. ఇన్నాళ్ళ తర్వాత. పిల్ల సంగతి నేనెత్తేలోపు అదే మాట్లాడింది.

"అక్కా, ఇంట్లో ఒక పొట్లం మిగిలిపోయింది. పొద్దున లేవగానే గ్లాసెడు నీళ్ళలో కలిపాను. వంట చేస్తూ తిప్పాను, బట్టలు ఉతుకుతూ మధ్యమధ్యలో వచ్చి తిప్పాను. ఇంకా అడుగునే ఉంది. నేను మర్చిపోయుంటే మర్చిపోయుండొచ్చు. ఇది మాత్రం కరగట్లేదు."

సరే చూస్తాను అని పెట్టేశాను. నా ముఖం ఎలా ఉందో, అటుగా వెళ్తున్న పెద్దసారు ఆగాడు. ఏమైందమ్మా అన్నాడు.

"కరగట్లేదంట సార్" అన్నాను.

"మళ్ళీ అదేనా? కరగకపోవడమేంటి, నూట అరవై ఒకటికి కరిగిందని సంతకం పెట్టావుగా. కాస్త మొండిగా కరిగింది, అంతే" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నేను నీళ్ళ గురించి అన్నాను. ఆయన వేడి గురించి విన్నాడు. పొరబడ్డారు సార్ అని చెప్పబోయి ఆగిపోయాను.

మేం ల్యాబులో వేడికి కరిగితే మెల్టింగ్ అంటాం, నీళ్ళలో కరిగితే సాల్యుబిలిటీ అంటాం. అవి వేరు వేరు బల్లలు, వేరు వేరు మనుషులు. ఇంట్లో ఆ రెండిటికీ ఉన్నది ఒక్క మాట, కరగడం. చెల్లెలు ఆ మాటే అన్నప్పుడు దానికి సైన్సు రాదని నవ్వుకున్నాను. ఆ రెండూ ఒకటే పని. అణువు పక్క అణువును వదిలిపెట్టాలి. వేడి ఊపి వదిలిస్తుంది, నీరు మధ్యలో దూరి వదిలిస్తుంది. వేడికి ఐదు డిగ్రీలు మొండికేసిన పొడి నీళ్ళకు మాత్రం ఎందుకు లొంగుతుంది?

గదిలోకి వెళ్ళి వసంతకాలంలో దాచిపెట్టిన పాత సరుకు సీసా తీశాను. పాతది ఒక గొట్టంలో, కొత్తది ఒక గొట్టంలో, ఒకే నూనెలో పక్కపక్కనే దించాను. యాభై ఆరు దగ్గర పాతది బొట్టయింది. పక్కనే కొత్తది చెక్కుచెదరకుండా నిలబడింది. ఇన్ని వారాలుగా రెండింటినీ పక్కపక్కన పెట్టాలని నాకు తోచలేదు. తర్వాత రెండు గాజు గ్లాసులు, ఒకే కొలత నీళ్ళు, ఒకే కొలత పొడి. పాత గ్లాసు తేటగా అయింది. కొత్త గ్లాసు అడుగున ఇసక.

ఇసక. చెల్లెలు వాడిన మాటే.

అణువు మారలేదు. రసాయనం అదే, శాతం అదే, శుద్ధమే. కూర్చున్న తీరు మారింది. మనుషులు వాళ్ళే గానీ పంక్తి మారింది. పాతదాంట్లో ప్రతి అణువూ పక్కదాన్ని ఒక చేత్తో పట్టుకుంటే, ఇందులో హైడ్రోజన్ బంధాలతో, రెండు చేతులా పట్టుకున్నట్టుంది. అందుకే వేడికి వదలదు, నీళ్ళకు వదలదు, పిల్ల కడుపులోనూ వదలదు. లోపలికి పోయి, చాలావరకు అలాగే బయటికి పోతోంది. మేం శాతం చూసేటప్పుడు ఘాటైన ద్రావకం పోస్తాం, దాని ముందు ఎంత పట్టైనా సడలుతుంది. అందుకే నా పరీక్షలో మందు నిండుగా ఉంది, పిచ్చుక రక్తంలో లేదు.

కల్తీ ఉంటే ముందే కరుగుతుంది, కాబట్టి ఆలస్యంగా కరిగేది మేలైనది. ఇన్నేళ్ళుగా నా బుర్రలో గట్టిపడ్డ సూత్రం ఇదే. మా వృత్తిలో ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. ఆ సూత్రం తెలియదు కాబట్టి బజారులో కూరగాయలు అమ్మేవాళ్ళెవరూ చేయలేని తప్పు నేను చేశాను.

ముందు డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఈ పొడి ఆపేయమని, ల్యాబులో దాచి ఉంచిన పాత సరుకు పొట్లాలు పంపిస్తానని చెప్పాను. ఆమె చాలా ప్రశ్నలు అడిగింది. పాతదైతే పాత మోతాదే వేయాలి, పెంచిన మోతాదు వేశారో పిల్లకు మంచిది కాదు అని గట్టిగా చెప్పింది. మరిదికి తానే ఫోన్ చేస్తానంది. పాత పొట్లాలు ఆటోలో నేనే తీసుకెళ్ళి వాళ్ళ గేటు దగ్గర మరిది చేతికిచ్చాను. అతను అర్థంకాక చూస్తుంటే రేపు వచ్చి అంతా చెప్తానని వచ్చేశాను. రేపు ఎందుకు, అప్పుడే చెప్పొచ్చుగా? లోపలి నుంచి పిచ్చుక గొంతు వినిపిస్తోంది.

జూలై 21

పెద్దసారు బల్ల మీద రెండు గ్లాసులూ పెట్టాను. సరుకు ఆపమన్నాను.

ఏ ఆధారంతో సరుకు ఆపమంటావు అన్నాడు. నియమం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, నూట యాభై ఐదుకు తగ్గలేదు. నీళ్ళలో ఎంత త్వరగా కరగాలో ఈ పొడికి ఎవరూ రాయలేదు. నిజమే. ఆయన తప్పించుకోవాలని అనలేదు, పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో వెతుకుతున్నాడు. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను, అదే ఆధారం అన్నాను.

"ఇన్నేళ్ళ పేరు పోతుందమ్మా."

"ఎవరిది సార్?"

"నీది" అన్నాడు, మెల్లగా.

ఆ తర్వాత ఆయనే గోదాముకు ఫోన్ చేశాడు. పంపినవి వెనక్కి తెప్పించడానికి పైవాళ్ళతో గంటల కొద్దీ మాట్లాడాడు. ఒకరిద్దరు అరిచారు, బయటికే వినపడింది. ఆయన గొంతు మాత్రం పెరగలేదు.

బాయిలరాయన దగ్గరికి వెళ్ళి అడిగాను. ఏం మార్చావయ్యా అంటే సంబరంగా చెప్పాడు. ఎండాకాలం నుంచి కాగిన సరుకు తొట్టిని ఒక్కసారిగా చల్లార్చడం మానేశారట, పొద్దున దాకా నెమ్మదిగా చల్లారనిస్తున్నారట. పలుకులు పెద్దవిగా, అందంగా వస్తున్నాయి, వడకట్టడం సులువు అన్నాడు. అణువులకు కుదురుగా సర్దుకోవడానికి టైము దొరికింది. ఆయనకు ఏమీ చెప్పలేదు. రేపు పెద్దసారు చెప్తాడు.

మరిది ఇంటికి వెళ్ళాలి. సాయంత్రం అయిపోయింది. రేపు.

జూలై 22

వెళ్ళాను. మరిదిని వరండాలో కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. గ్లాసులు, డిగ్రీలు, పంక్తి, అన్నీ.

"ఆ రోజు మీరు అన్న మాట మీదే పిల్లను తీసుకొచ్చాను వదినా."

అవును అన్నాను.

అరిచి ఉంటే బాగుండేది. లేచి లోపలికి వెళ్ళి, వాళ్ళమ్మతో ఏదో చెప్పి, పిల్ల బట్టలు సంచిలో పెట్టడం మొదలుపెట్టాడు. మీరు ముందు వెళ్ళి దానికి చెప్పండి, నేను చెప్పలేను అన్నాడు.

చెల్లెలు గడప దగ్గరే నిలబడి విన్నది. లోపలికి రమ్మనలేదు, నేనూ వెళ్ళలేదు. నీ తప్పు ఏమీ లేదు, ఒక్క పూట కూడా నువ్వు మర్చిపోలేదు అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. నాకు నేను ఇచ్చుకున్న ధైర్యం అది.

"మర్చిపోయినట్టు నాకు గుర్తుందక్కా" అంది. "పొట్లం చింపకుండా గట్టు మీద పెట్టి వేరే పనిలో పడ్డట్టు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఏ చీర కట్టుకున్నానో కూడా గుర్తుంది. అది జరగలేదా?"

జరగలేదు అన్నాను.

"మరి నాకెందుకు గుర్తుంది?"

నా దగ్గర దీనికి కొలత లేదు. అందరం కలిసి అంత గట్టిగా చెప్తే, అది తనలో తాను వెతుక్కుని ఒక జ్ఞాపకం తయారు చేసుకుంది. నేను పరీక్ష చేసినట్టే అదీ తనను తాను పరీక్ష చేసుకుంది, నా ఫలితానికి సరిపోయేదాకా.

ఇక వెళ్ళక్కా, పిల్ల వచ్చేలోపు ఇల్లు తుడవాలి అంది.

జూలై 24

నిన్న చెల్లెలికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఈ రోజు మరిది ఎత్తాడు, పిచ్చుక పాత మందు వేసుకుంటోంది, బాగానే ఉంది అన్నాడు. బాగానే ఉంది అన్న మాట ఇప్పుడు ఎవరు అన్నా నమ్మబుద్ధి కాదు.

పిచ్చుక లాంటి పిల్లలు ఇంకెంతమంది ఆ పొడి తాగారో. ఇంకెన్ని ఇళ్ళలో ఎంతమంది తల్లులు మర్చిపోయామని ఒప్పుకున్నారో. వాళ్ళకు ఎవరు వెళ్ళి చెప్తారు? కంపెనీ దుకాణాలకు ప్రకటన పంపింది. అందులో సరుకు వెనక్కి ఇవ్వమని ఉంది, మీరు మర్చిపోలేదు అని లేదు. ఆ వాక్యం పెట్టమని పెద్దసారును అడిగాను. అలాంటివి ప్రకటనల్లో రాయరమ్మా అన్నాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగి, ఏమని రాయమంటావో ఒకసారి రాసివ్వు, అడిగి చూస్తాను అన్నాడు.

జూలై 25

రాశాను, చింపాను. రాశాను.

జూలై 27

నియమంలో ఒక గీత కలిపాం. కరిగే వేడి నూట యాభై ఎనిమిదికి మించకూడదు. నీళ్ళలో కరిగే తీరు కూడా చూడాలి. ఇప్పుడు అందరికీ ఇది ఎంత సులువుగా అనిపిస్తోందో.

జూలై 30, ఆదివారం

రమ్మని ఎవరూ పిలవలేదు. వెళ్ళాను.

పిచ్చుక నుదుటి మీద కుట్లు తీసేశారు, సన్నని గీత మిగిలింది. మందు మారినప్పటి నుంచి మళ్ళీ రాలేదు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. మరిది కుర్చీ వేశాడు, డిగ్రీల వదిన అనలేదు. చెల్లెలు మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. కూర్చో అంది, అంతే.

పిల్లకు నేనే చెప్పాలని నిశ్చయించుకుని వెళ్ళాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీకు మళ్ళీ ఫిట్స్ ఎందుకొచ్చాయో తెలుసా అన్నాను. తెలుసు, అమ్మ మందు మర్చిపోయింది అంది, పాఠం అప్పజెప్పినట్టు. చెల్లెలి చేతులు ఆగలేదు.

కాదు, అమ్మ రోజూ వేసింది, మందే బాగాలేదు, పెద్దమ్మ అది సరిగ్గా చూడలేదు అని చెప్పాను. పిల్ల నా ముఖంలోకి చూసి ఆలోచించింది.

"అయితే అమ్మ మర్చిపోలేదా?"

"లేదు."

"మరి నాకు సారీ ఎందుకు చెప్పింది?"

ఇది నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నాయనమ్మ ఇంటికి పంపే ముందు చెల్లెలు పిల్లను కూర్చోబెట్టి, అమ్మ మర్చిపోయింది, సారీ అని చెప్పిందట. చేయని తప్పుకు, ఆరేళ్ళ పిల్లకు. మరిది కిటికీ వైపు తిరిగాడు.

"నేనే చెప్పించాను" అన్నాను.

"నువ్వు అప్పుడు లేవుగా?"

"లేకుండానే చెప్పించాను."

పిచ్చుకకు అది అర్థం కాలేదు. కాకపోవడమే మంచిది. అది పట్టుకున్నది వేరే.

"అయితే నువ్వు అమ్మకి సారీ చెప్పావా?"

చెప్పాను అనబోయాను. గడప దగ్గర నిలబడి మాట్లాడినదంతా గుర్తు చేసుకున్నాను. పొడి ఎందుకు కరగలేదో చెప్పాను. అణువులు ఎలా కూర్చున్నాయో చెప్పాను. తొట్టి నెమ్మదిగా చల్లారితే ఏమవుతుందో చెప్పాను. నీ తప్పు లేదని చెప్పాను. ఇన్ని చెప్పి, ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. ఫోన్‌లోనూ అనలేదు. ఈ డైరీలో కూడా ఎక్కడా రాయలేదు.

పిల్లను ఒళ్ళోంచి దించి, చెల్లెలి ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"తప్పు నాది. నువ్వు చెప్పావు, నేను వినలేదు. నన్ను క్షమించు."

చెల్లెలు చేతిలో ఉన్న పిల్ల గౌను మడత పూర్తి చేసి, మిగతా వాటి మీద పెట్టి, అప్పుడు తలెత్తింది.

"విన్నాను" అంది.